తొలినాటి డైనోసార్ చిత్రాలు: ఏది ఊహ, ఏది లెక్క, ఏది కేవలం నకలు?

గోడబొమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. మా గ్రంథాలయంలో ఖాళీగా ఉన్న పొడవాటి గోడమీద డైనోసార్ల కాలాన్ని చిత్రించాలని నిర్ణయించాం. నమూనాల కోసం వెతుకుతుంటే 19వ శతాబ్దపు బొమ్మలు చాలా కనిపించాయి. ముక్కుమీద కొమ్ముతో ఖడ్గమృగంలా నిలబడిన ఇగ్వానొడాన్, పెద్ద మూపుతో నాలుగు కాళ్లమీద నడిచే మెగలోసారస్, చెరువులో మెడవరకు మునిగిన బ్రాంటోసారస్ వంటివి. వీటిని ఇప్పుడు ఎక్కడ చూసినా నవ్వుకోవడానికే చూపిస్తున్నారు. కానీ ఆ బొమ్మలు వేసినవారు చేయి తిరిగినవారని గీత చూస్తేనే తెలుస్తోంది. అంతటివారు ఏ ఆధారమూ లేకుండా తోచినట్టు గీసేశారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నా సందేహాలు రెండు. ఆ తొలి చిత్రాలకు ఆనాడు ఉన్న ఆధారం ఎంత? తప్పు అని తేలిన తరువాత కూడా అవే రూపాలు అంతకాలం ఎలా నిలిచాయి? తెలిసినవారు వివరంగా రాస్తే గోడమీద బ్రష్షు పెట్టేముందు నాకు ఎంతో ఉపయోగపడుతుంది.

శిలాజసుధ:

చాలా మంచి ప్రశ్న అడిగారు. ఇగ్వానొడాన్ కథ ఒక్కటి సరిగా తెలుసుకుంటే మీ మొదటి సందేహం చాలావరకు తీరుతుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో వైద్యుడిగా పనిచేస్తూ శిలాజాలు సేకరించిన గిడియన్ మాంటెల్ చేతికి 1820ల తొలినాళ్లలో కొన్ని పెద్ద పళ్లు వచ్చాయి. అవి ఆకులు నమిలి అరిగిపోయిన పళ్లు. అప్పటివరకు తెలిసిన సరీసృపాలలో అలా నమిలే జంతువు లేదు. ఫ్రాన్సులోని మహా శాస్త్రవేత్త కువియే సైతం మొదట వాటిలో ఒకదాన్ని ఖడ్గమృగపు పన్ను అనే అనుకున్నాడు. 1824లో లండన్‌లోని శస్త్రవైద్యుల కళాశాల మ్యూజియంలో శామ్యూల్ స్టచ్‌బరీ అనే యువకుడు అవి ఇగ్వానా బల్లి పళ్లను పోలి ఉన్నాయని చూపించాడు. పోలిక సరిగ్గా కుదిరింది, పరిమాణంలో మాత్రం ఎన్నో రెట్ల తేడా ఉంది. ఆ పోలికతోనే 1825లో మాంటెల్ ఈ జంతువుకు ఇగ్వానొడాన్ అని పేరు పెట్టాడు. పన్ను ఇగ్వానా పన్నుకంటే ఎన్ని రెట్లు పెద్దదో ఒళ్లు కూడా అన్ని రెట్లు ఉంటుందని లెక్కకట్టి, 60 అడుగులకు మించిన పొడవు చెప్పాడు.

1834లో మెయిడ్‌స్టన్ దగ్గర ఒక క్వారీలో రాతిపలకలో చిందరవందరగా పరుచుకున్న ఎముకలు దొరికాయి. కొమ్ములాంటి ఎముక ఒకటి మాంటెల్ దగ్గర విడిగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇగ్వానాలలో ముక్కుమీద కొమ్ములాంటి బొడిపె ఉన్న రకం ఒకటి ఉంది. జంతువు ఇగ్వానాకు దగ్గరిదని పళ్లు చెబుతున్నాయి. ఎముక ఒక్కటే దొరికింది కనుక అది ముఖం మధ్యభాగానికి చెందినదని అనుకోవడంలో అసంబద్ధమేమీ లేదు. అలా ఆ ముల్లు ముక్కుమీదికి చేరింది. నిజానికి అది చేతి బొటనవేలిది. ఫలితం తప్పే అయినా, అక్కడికి తీసుకువెళ్లిన ప్రతి అడుగుకూ కారణం ఉంది. చేతి ఎముకలు వరుస తప్పకుండా దొరకనంతవరకు ఆ ముల్లు స్థానాన్ని ఇంకెవరూ కచ్చితంగా చెప్పగలిగేవారు కారు.

1842లో ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ‘డైనోసారియా’ అనే వర్గాన్ని ప్రతిపాదించినప్పుడు పళ్ల నిష్పత్తితో పొడవు కట్టే పద్ధతిని పక్కనపెట్టి వెన్నుపూసల కొలతలు తీసుకున్నాడు. ఇగ్వానొడాన్ పొడవును సుమారు 28 అడుగులకు తగ్గించాడు. తరువాత పూర్తి అస్థిపంజరాలు దొరికినప్పుడు పెద్ద ఇగ్వానొడాన్ సుమారు 10 మీటర్లు ఉంటుందని తేలింది. పిడికెడు ఎముకలతో 1842లో కట్టిన అంచనా అంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. తొంటి దగ్గర 5 వెన్నుపూసలు కలిసిపోయి ఉండటాన్ని గమనించి, కాళ్లు బల్లిలా పక్కలకు చాపుకొని కాక ఒంటికింద నిటారుగా ఉంటాయని చెప్పినవాడు కూడా ఓవెనే. ఆ మాట నేటికీ నిలిచి ఉంది.

పాతపుస్తకం:

శిలాజసుధ గారి వివరణ బాగుంది. అయితే ‘ఆనాటి ఆధారాలు అంతే’ అని అందరికీ ఒకేలా మాఫీ ఇవ్వలేమని నా అభిప్రాయం. మాంటెల్ తన చివరి సంవత్సరాలలో ఇగ్వానొడాన్ ముందుకాళ్లు వెనుకకాళ్లకంటే సన్నగా, తేలికగా ఉన్నాయని గమనించి రాశాడు. అంటే ఖడ్గమృగంలా నాలుగు కాళ్లమీద సమానంగా బరువు మోపే జంతువు కాకపోవచ్చన్న సూచన 1850 నాటికే ఉంది.

లండన్ శివారులోని సిడెన్‌హామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనపు తోట కోసం శిల్పాలు చేయడానికి దాని నిర్వాహక సంస్థ ముందుగా సలహా అడిగినది మాంటెల్‌నే. ఆరోగ్యం బాగాలేక ఆయన ఒప్పుకోలేదు, 1852 నవంబరులో మరణించాడు. ఆ తరువాత సలహాదారు స్థానంలో ఓవెన్ ఉన్నాడు. శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ చేసిన ఇగ్వానొడాన్‌లు ఓవెన్ చెప్పిన బరువైన నాలుగుకాళ్ల రూపంలోనే తయారయ్యాయి. 1854లో తోట తెరిచినప్పుడు లక్షలాది జనం చూసిన రూపం అదే. మాంటెల్ గమనించిన సంగతి పత్రాలలోనే ఉండిపోయింది.

ఇక్కడ మరొక సంగతి కూడా ఉంది. అదే తోటకోసం ఓవెన్ రాసిన మార్గదర్శిక పుస్తకంలో ముక్కుమీది కొమ్ము విషయంలో ఆయన అనుమానం వ్యక్తం చేశాడు. పుస్తకంలో సందేహం ఉంది, శిల్పం మీద కొమ్ము ఉంది. చూసినవారి మనసులో మిగిలింది కొమ్మే. శిల్పాలన్నీ ఓవెన్ దగ్గరుండి చేయించాడన్న ప్రచారాన్ని మార్క్ విట్టన్, ఎలినార్ మిషెల్ 2022లో వివరంగా పరిశీలించి, ఆయన పాత్ర మనం అనుకునేదానికంటే చాలా తక్కువనీ, అసలు పరిశోధన భారం ఎక్కువగా హాకిన్సే మోశాడనీ వాదించారు. ఇది నాకు సమంజసంగా తోస్తుంది.

రేఖాచిత్ర:

నేను శిల్పకళ అభ్యసించినదాన్ని కనుక హాకిన్స్ పని గురించి కొంత చెప్పాలనిపిస్తోంది. 1854 మేలో ఆయన లండన్‌లోని కళల సంఘం ముందు ఇచ్చిన ఉపన్యాసంలో నిలబడి ఉన్న ఇగ్వానొడాన్‌కు ఏమేం పట్టిందో లెక్క చెప్పాడు: 9 అడుగుల పొడవు, 7 అంగుళాల వ్యాసం ఉన్న ఇనుప స్తంభాలు 4, ఇటుకలు 600, అర్ధచంద్రాకారపు తూముపెంకులు 650, మామూలు పెంకులు 900, సిమెంటు 38 పీపాలు, రాతి ముక్కలు 90 పీపాలు. నాలుగు కాళ్లమీద ఒక ఇంటిని నిలబెట్టడంతో సమానమని ఆయనే అన్నాడు. ఆ బరువును రెండు కాళ్లమీద, గాలిలో చాచిన తోకతో నిలబెట్టమంటే ఆనాటి సామగ్రితో ఏ శిల్పికైనా గడ్డు సమస్యే. రూపం నిర్ణయించినది శాస్త్రమే కావచ్చు. అయినా ఇటుక, ఇనుము కూడా ఆ రూపానికి అనుకూలంగానే ఉన్నాయన్న సంగతి మరువకూడదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం తెలియని భాగాన్ని ఆయన ఎలా పరిష్కరించాడన్నది. మోససారస్ అనే సముద్రపు సరీసృపం తల నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో దొరికింది కాబట్టి బాగా తెలుసు. వెనుకభాగం మాత్రం అప్పటికి సరిగా తెలియదు. అందుకని హాకిన్స్ దాని తలను, వీపు పైభాగాన్ని మాత్రమే చేసి, మిగిలిన శరీరం చెరువు నీటిలో మునిగి ఉన్నట్టు పెట్టాడు. చూసేవారికి అది ఈదుతున్న జంతువు. లోపల మాత్రం తనకు ఎక్కడివరకు తెలుసో అక్కడితో ఆపిన శిల్పి నిగ్రహం ఉంది. హైలియోసారస్ అనే డైనోసార్ విషయం కూడా ఇలాంటిదే. దాని శరీరపు ముందుభాగపు ఎముకలు ఒక పలకలో దొరికినా ముఖం గురించి తెలిసింది చాలా తక్కువ. సందర్శకులు నిలబడే దారికి దాని ముఖం అవతలివైపు తిరిగి ఉంటుంది, కనిపించేది ముళ్లున్న వీపే. ఇది ఉద్దేశపూర్వకమో కాదో రుజువు చేయలేను కానీ, అలా అమర్చడంలో తెలివి ఉంది.

మెగలోసారస్ మూపు గురించి గోడబొమ్మ గారు ప్రస్తావించారు. పొడవాటి ముళ్లున్న 3 వెన్నుపూసలను ఆనాడు ఓవెన్ ఆ జంతువువిగా భావించాడు, మూపు అక్కడినుంచి వచ్చింది. ఆ పూసలు వేరే మాంసాహార డైనోసార్‌వని తరువాత తేలింది. ఎముక నిజమైనదే, యజమాని వేరు.

తూర్పుకనుమ:

హాకిన్స్ ప్రస్తావన వచ్చింది కనుక ఆయన న్యూయార్క్‌లో చేసిన శిల్పాలను కూడా గుర్తుచేయాలి. సెంట్రల్ పార్కులో అమెరికా డైనోసార్లతో ఒక మ్యూజియం కోసం 1868 నుంచి పనిచేశాడు. 1871లో కొందరు కార్యశాలలోకి చొరబడి సుత్తులతో నమూనాలన్నిటినీ పగలగొట్టారు. అవినీతికి పేరుపడ్డ రాజకీయ నాయకుడు ట్వీడ్ చేయించిన పని అది. ఆ ధ్వంసం జరగకపోతే అమెరికాలో డైనోసార్ల రూపం ఎలా మారి ఉండేదో.

పాతపుస్తకం:

తూర్పుకనుమ గారూ, ధ్వంసం జరిగిన మాట వాస్తవం. కానీ అది ట్వీడ్ పని అన్న భాగం ఎన్నో దశాబ్దాలు ఒకరినుంచి ఒకరు ఎత్తిరాసుకున్న కథ. విక్టోరియా కౌల్స్, మైకేల్ బెంటన్ 2023లో నాటి పార్కు పాలకమండలి వార్షిక నివేదికలు, సమావేశాల నమోదులు తిరగేసి, ఆదేశం ఇచ్చినది ఆ మండలి కోశాధికారి హెన్రీ హిల్టన్ అని చూపించారు. డైనోసార్ బొమ్మల గురించే కాదు, ఆ బొమ్మల చరిత్ర గురించి కూడా అపోహలు ఇలాగే స్థిరపడతాయి. రెండింటికీ మూలం ఒకటే: అసలు దస్తావేజు చూడకుండా ముందువాడి వాక్యాన్ని తీసుకోవడం.

గోడబొమ్మ:

మీ అందరికీ కృతజ్ఞతలు. మోససారస్‌ను నీటిలో ముంచిన ఉపాయం నాకు ఎంతగానో నచ్చింది. ఇక నా రెండో సందేహం. ముల్లు బొటనవేలిదని ఎప్పుడు తేలింది? తేలిన వెంటనే బొమ్మలు మారాయా?

శిలాజసుధ:

1878లో బెల్జియంలోని బెర్నిసార్ గ్రామంలో బొగ్గు గని కార్మికులు 322 మీటర్ల లోతున ఎముకలమీద పడ్డారు. మొదట వాటిని మానుకట్టెలనుకున్నారు. అక్కడ 30కి పైగా ఇగ్వానొడాన్ అస్థిపంజరాలు వెలువడ్డాయి. చాలావాటిలో ఎముకలు జీవించి ఉన్నప్పుడున్న వరుసలోనే ఉన్నాయి. ముల్లు చేతి బొటనవేలి స్థానంలో కనిపించింది. ముక్కు కొమ్ము వివాదం ఆ దెబ్బతో ముగిసింది.

1882లో బ్రస్సెల్స్‌లో మొదటి అస్థిపంజరాన్ని నిలబెట్టారు. ఎత్తైన చట్రం కట్టి, ఎముకలను తాళ్లతో వేలాడదీసి, ఒక్కొక్క కీలునూ సరిచూస్తూ అమర్చారు. లూయీ డోలో పర్యవేక్షణలో శాస్త్రీయంగా జరిగిన గొప్ప పని అది. పాత ఖడ్గమృగపు రూపం పోయింది. దాని స్థానంలో తోకను నేలకు ఆన్చి, ఒళ్లు నిటారుగా నిలిపి, కంగారూలా కూర్చున్న రూపం వచ్చింది. పోలికకోసం కంగారూ జాతి జంతువు అస్థిపంజరాన్ని, ఎగరలేని పెద్ద పక్షి అస్థిపంజరాన్ని పక్కనే పెట్టుకున్నారు కూడా.

ఇక్కడే ఎంతో విచారించవలసిన విషయం ఉంది. ఇగ్వానొడాన్ తోకకు, వీపుకు ఇరువైపులా ఎముకగా గట్టిపడిన స్నాయువులు జాలీలా అల్లుకొని ఉంటాయి. అవి తోకను కర్రలా బిగించి ఉంచుతాయి. కంగారూ భంగిమకు కావలసిన వంపు రావాలంటే తోకను విరవడం తప్ప మార్గం లేదు. బెర్నిసార్ ఎముకలను తిరిగి అధ్యయనం చేసిన డేవిడ్ నార్మన్ 1980లో ఈ సంగతిని స్పష్టంగా రాసి, వెన్నును నేలకు సమాంతరంగా ఉంచే రూపాన్ని ప్రతిపాదించాడు. ఆ స్నాయువులు 1882లో కూడా ఆ చట్రం మీదే, అందరి కళ్లముందే ఉన్నాయి. మాంటెల్ దగ్గర లేని ఆధారం డోలో దగ్గర ఉంది. ఐనా దాదాపు 100 సంవత్సరాలు ఆ తోక నేలమీదే ఈడ్చుకుపోయింది. మాంటెల్ పొరపాటును క్షమించినంత తేలికగా నేను దీన్ని క్షమించలేను. కానీ బొమ్మలలో నవ్వులపాలైనది మాంటెలే.

కృష్ణాతీరం:

తోక విషయంలో మరికొంత చేరుస్తాను. తోక ఈడ్చి ఉంటే అడుగుజాడల మధ్య గాడి ఉండాలి. 1930ల చివర రోలండ్ బర్డ్ అమెరికాలోని టెక్సస్‌లో పాలక్సీ నది రాతిపడకలలో పొడవుమెడ డైనోసార్ల జాడలను వెలికితీశాడు. వాటి మధ్య తోక గాడులు లేవు. అప్పటికే ప్రపంచంలో అనేకచోట్ల దొరికిన జాడలలోనూ అవి బహు అరుదు. పరిశోధకులు చూడనిది కాదు. కానీ చిత్రాలు మారలేదు.

బురదలో, చెరువులలో బతికిన బ్రాంటోసారస్ అన్న అపోహ కూడా ఇలాంటిదే, దానికి ఇంకా లోతైన వేళ్లు ఉన్నాయి. అంత బరువును కాళ్లు మోయలేవనీ, నీరే మోయాలనీ అనుకున్నారు. న్యూయార్క్ మ్యూజియం కోసం చార్ల్స్ నైట్ 1897లో వేసిన చిత్రంలో బ్రాంటోసారస్ నీటిలో సగం మునిగి ఉంటుంది. కండరాల అమరిక, చర్మంమీది వెలుగు, నీటి మీద నీడ చూస్తే అది జంతువును కళ్లారా చూసి వేసినట్టే ఉంటుంది. ఆ నైపుణ్యమే దాన్ని అంత బలంగా నాటింది. నాసిరకం చిత్రమైతే ఎవరూ 70 సంవత్సరాలు నకలు చేసేవారు కారు. బర్డ్ ఒకచోట దాదాపు ముందుపాదాల ముద్రలే కనిపించే జాడను చూసి, 1944లో రాసిన వ్యాసంలో ఆ జంతువు నీటిలో తేలుతూ ముందుకాళ్లతో నెట్టుకుంటూ పోయిందని వివరించాడు. మెత్తని నేలలో బరువెక్కువ మోపిన పాదమే లోతుగా దిగుతుందన్న వివరణ తరువాత బలపడింది. నా ఉద్దేశంలో చెరువులో డైనోసార్ చిత్రం అప్పటికే మనసులో ఉండటంవల్లనే జాడను కూడా ఆ చిత్రానికి అనుగుణంగా చదవడం జరిగింది.

1951లో కెర్మాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త సులభమైన భౌతికశాస్త్ర ప్రశ్న ఒకటి వేశాడు. తల పైన, ఒళ్లు అనేక మీటర్ల లోతున ఉంటే రొమ్ముమీద పడే నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు ఎలా విచ్చుకుంటాయి? ఊపిరి ఆడదు. 1971లో రాబర్ట్ బక్కర్ కాళ్లు, పాదాలు, లోతైన సన్నని రొమ్ముగూడు అన్నీ నేలమీద తిరిగే జంతువువేనని వాదించాడు. అంతకుముందే, 1910లో, డిప్లొడోకస్ మొసలిలా కాళ్లు పక్కలకు పెట్టి పాకేదని కొందరు వాదించినప్పుడు, కార్నెగీ మ్యూజియం అధిపతి విలియం హాలండ్ అలాగైతే దాని రొమ్ముగూడు పట్టడానికి నేలలో కందకం తవ్వుకుంటూ పోవాలని చూపించాడు. అంటే తప్పును పట్టగల తర్కం ఏ కాలంలోనూ కొరవడలేదు. అది చిత్రకారుడి బల్లదాకా చేరడంలోనే జాప్యం జరిగింది.

దక్షిణదృష్టి:

పై చర్చతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. తలల మార్పిడి విషయం మాత్రం ఎవరూ రాయలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. ఓత్నియల్ మార్ష్ 1879లో బ్రాంటోసారస్ అని పేరుపెట్టిన జంతువుకు తల దొరకలేదు. వేరేచోట దొరికిన కామరాసారస్ తరహా పొట్టి, మొద్దు తలను పునర్నిర్మాణ చిత్రంలో పెట్టాడు. ఇదే తరహా మరో అస్థిపంజరం పక్కనే డిప్లొడోకస్ లాంటి పొడవాటి తల దొరకడంతో, అసలు తల అదే కావచ్చని హాలండ్ 1915లోనే అనుమానించాడు. 1975లో మెకింటాష్, బెర్మన్ ఆ పొడవాటి తలే సరైనదని నిరూపించారు. పిట్స్‌బర్గ్‌లోని అస్థిపంజరానికి 1979లో తల మార్చారు. ఈలోగా మొద్దుతల బ్రాంటోసారస్ పుస్తకాలలో, బొమ్మలలో, తపాలా బిళ్లలమీద పిల్లల తరాలెన్నో చూసిన రూపమైపోయింది.

టైరనోసారస్ కూడా ఇంతే. న్యూయార్క్‌లో 1915లో నిలబెట్టినప్పుడు చేతులు సరిగా దొరకక అలోసారస్‌ను చూసి మూడేసి వేళ్లు పెట్టారు. దాని దగ్గరి బంధువుకు రెండే వేళ్లని అప్పటికే ఒక శాస్త్రవేత్త రాశాడు. ఆ నిటారు భంగిమను అదే మ్యూజియం 1995లో సరిచేసింది.

ఒక మాట అడగాలి. మనం ఇక్కడ పాత చిత్రాలనే తూకం వేస్తున్నాం. నేటి చిత్రకారులు కూడా ఒకరినొకరు నకలు చేస్తూనే ఉన్నారు కదా? పుర్రెమీద చర్మాన్ని బిగించి అతికించినట్టు, కండ, కొవ్వు, పెదవి ఏమీ లేకుండా గీయడం గత 40 సంవత్సరాల అలవాటు. మరొకవైపు, 1996లో చైనాలో సైనోసారాప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఒంటిమీద నూగు కనిపించిన తరువాత ప్రతి డైనోసార్‌కూ ఈకలు తొడగడం మొదలైంది. టైరనోసారస్ చర్మపు ముద్రలను 2017లో పరిశీలించినప్పుడు మెడ, తొంటి, తోక భాగాలలో కనిపించినవి చిన్న పొలుసులే.

రేఖాచిత్ర:

దక్షిణదృష్టి గారి ప్రశ్న న్యాయమైనది. ఓవిరాప్టర్ కథను కూడా దీనికి చేర్చండి. 1924లో ఆజ్‌బర్న్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ డైనోసార్‌కు గుడ్లదొంగ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు, ఎందుకంటే అది ఒక గూటి దగ్గర చనిపోయి దొరికింది, ఆ గుడ్లు వేరే జంతువువని అప్పుడు అనుకున్నారు. పేరు పెడుతూనే ఆ పేరు జంతువు స్వభావాన్ని తప్పుగా చూపవచ్చునని ఆయన హెచ్చరించాడు కూడా. చిత్రకారులు హెచ్చరికను వదిలి పేరును పట్టుకున్నారు. గుడ్డును నోట కరచుకొని పారిపోతున్న ఓవిరాప్టర్ అన్ని పుస్తకాలలోకీ ఎక్కింది. 1990లలో మంగోలియాలో అదే రకం గుడ్డులో ఓవిరాప్టర్ వర్గపు పిండం దొరికింది, గుడ్లమీద చేతులు చాచి పొదుగుతూ చనిపోయిన తల్లో తండ్రో కూడా దొరికింది. ఓవెన్ కొమ్ముమీది సందేహానికి జరిగినదే దీనికీ జరిగింది. శాస్త్రవేత్త రాసిన ‘బహుశా’ అనే పదానికి కుంచెలో రంగు లేదు. ఆ రంగును కనిపెట్టవలసినది మనమే, చిత్రకారులం.

వేదిక నిర్వహణ:

చర్చ చక్కగా సాగుతోంది. సినిమాలలోని డైనోసార్ల గురించి వచ్చిన వ్యాఖ్యలను వేరే శీర్షికకు మార్చాం. ఇక్కడ చిత్రాలు, శిల్పాలు, మ్యూజియం అస్థిపంజరాల గురించే రాయగలరు.

గోడబొమ్మ:

మీ సమాధానాలన్నీ కాగితంమీద రాసుకున్నాను. ఇప్పుడు నా ప్రణాళిక కొంత మారింది. ఎక్కడో అమెరికా జంతువులకు బదులు మన గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అనే పొడవుమెడ డైనోసార్‌ను గోడమధ్యలో వేయాలనుకుంటున్నాను. హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో దాని అస్థిపంజరాన్ని మా పిల్లలలో కొందరు చూశారు. దీన్ని గీయడంలో ఏది నమ్మకంగా వేయవచ్చు, ఏది ఊహ?

శిలాజసుధ:

ఎంతో సంతోషం. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర కోటా రాతిపొరలలో దొరికిన ఎముకలను భారత భూగర్భ సర్వేక్షణ శాస్త్రవేత్త పి. యాదగిరి అధ్యయనం చేసి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒకటి కాదు, అనేక జంతువుల ఎముకలు ఒకేచోట కలిసి దొరికాయి. అందువల్ల వెన్ను, తొంటి, కాళ్ల నిష్పత్తులు ధైర్యంగా గీయవచ్చు. పొడవు సుమారు 9 మీటర్లు. కాళ్లు ఒంటికింద స్తంభాల్లా నిటారుగా, తోక గాలిలో, నడక గట్టినేలమీద ఉండాలి.

తల మాత్రం దొరకలేదు. దొరికినవి 2 పళ్లే. మ్యూజియంలో కనిపించే తల బంధుజాతులను చూసి చేసినది. అదే లోయలో, మహారాష్ట్ర వైపున, కలకత్తా భారత గణాంక సంస్థవారు తవ్వి 1975లో వర్ణించిన బారాపాసారస్‌కు కూడా పళ్లు దొరికాయి కానీ పుర్రె దొరకలేదు. కాబట్టి తల విషయంలో హాకిన్స్ బాట పట్టండి. తలను చెట్టుకొమ్మలలోకి చాచి మేస్తున్నట్టు వేస్తే ముఖం చాలావరకు ఆకుల చాటున ఉంటుంది. పిల్లలు అడుగుతారు, అప్పుడు కారణం చెప్పవచ్చు.

కృష్ణాతీరం:

ఆ ఆకులు ఏవన్నది కూడా ముఖ్యమే. కోటా పొరలు జురాసిక్ యుగానివి. కనుక పూలమొక్కలు, మర్రి, వేప, గడ్డి వేయకండి. సూదిమొన ఆకుల శంకుధారి చెట్లు, సైకాస్ జాతి మొక్కలు, ఫెర్నులు వేయవచ్చు. నేలను పచ్చగా నింపాలంటే ఫెర్నులే మంచివి.

గోడబొమ్మ:

డైనోసార్ల కాలంలో గడ్డి అసలే లేదని ఒక పుస్తకంలో చదివాను. అంటే ఆ మాట నిజమేనా?

కృష్ణాతీరం:

మీ గోడకు సంబంధించినంతవరకు అలాగే పాటించండి. అన్ని డైనోసార్లకూ వర్తింపజేస్తే మాత్రం అది కూడా ఒక పాత అపోహే. మహారాష్ట్రలోని పిస్దురా దగ్గర క్రెటేషియస్ యుగాంతపు శిలాజ పేడలో గడ్డిజాతి మొక్కల సిలికా కణాలను వందనా ప్రసాద్, ఇతర శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. ఆ పేడ టైటనోసార్లనే పొడవుమెడ డైనోసార్లదని భావిస్తున్నారు. అవి కోటాసారస్ తరువాత 10 కోట్ల సంవత్సరాలకు పైగా గడిచాక తిరిగినవి. గోడకు కుడిచివర చోటు మిగిలితే అక్కడ టైటనోసార్‌ను వేసి, దాని కాళ్ల దగ్గర మాత్రం అక్కడక్కడ గడ్డి పొదలు వేయండి. మధ్యలో కోటాసారస్ దగ్గర ఒక్క పరక కూడా వద్దు.